లేచాను, బాగున్నాను

స్వెట్టరు తొడుక్కోవడంలో బాబాయికి ఒక వరస ఉంది. ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి, ఆ తర్వాత కింది నుంచి పైకి బొత్తాలు. ఆ పొద్దున ఎడమ చెయ్యి వెనక్కి రానని మొరాయించింది. భుజం దగ్గర ఏదో పట్టేసినట్టు లాగింది. ఆయన ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసి, ఎవరూ తనని గమనించడం లేదని తేల్చుకుని కుడి చేత్తో మొదలుపెట్టాడు. గమనించే అలవాటు ఆ హాల్లో ఎవరికీ లేదు. అందరి చెవుల్లోనూ ఏవో దూరి ఉంటాయి, ఎవరి కళ్ళు వాళ్ళ తెర మీదే ఉంటాయి.

అది గోధుమరంగు ఉన్ని స్వెట్టరు. మోచేతుల దగ్గర పలచబడి లోపలి చొక్కా కనిపిస్తూ ఉంటుంది. బొత్తాలన్నీ గోధుమరంగువే గాని మధ్యది మాత్రం నీలం. అసలుది ఊడి ఎక్కడో పడిపోతే, వాళ్ళక్క తన బొత్తాల డబ్బా అంతా కుమ్మరించి, చేతికి దొరికినదాన్ని కుట్టేసింది. "రంగు ఎవడు చూస్తాడురా, గాలి దూరకుండా ఉంటే చాలు" అంది. ఆవిడ అన్నట్టే ఎవరూ చూడలేదు.

ఆఫీసులో అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు, ఆయనకంటే పెద్దవాడైన గేటు దగ్గరి వాచ్‌మన్‌తో సహా. హాల్లో చలి ఎక్కువ. పూర్వం ఆ హాలు నిండా యంత్రాలుండేవి, వాటికి చల్లగా ఉండాలి. యంత్రాలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి, మూలన ఒక్క పాతది మిగిలింది, చలి మాత్రం అలాగే ఉండిపోయింది. తగ్గించమని ఎవర్ని అడగాలో ఎవరికీ తెలియదు. అందుకని బాబాయి వచ్చీ రాగానే స్వెట్టరు వేసుకుంటాడు. టీకి బయటికి వెళ్ళేటప్పుడు విప్పి కుర్చీ వీపుకి తగిలిస్తాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు మడిచి సంచీలో పెట్టుకుంటాడు. ఈ సంగతి అందరికీ అలవాటైపోయింది. బాబాయ్ ఏడీ అని ఎవరైనా అడిగితే, పక్కవాళ్ళు తల తిప్పి కుర్చీ వంక చూసి, "స్వెట్టరుంది, ఇక్కడే ఎక్కడో ఉంటాడు" అంటారు.

ఆ కంపెనీ వ్యాపారస్తులకి సాఫ్ట్‌వేర్ అద్దెకిస్తుంది. కళ్ళద్దాల దుకాణాలు, మందుల గోదాములు, లారీలు తిప్పేవాళ్ళు, ఇనుప సామాను అమ్మేవాళ్ళు, ఎవరూ యంత్రాలు కొనుక్కోనక్కర్లేదు, మనుషుల్ని పెట్టుకోనక్కర్లేదు. అద్దె కట్టి ఫోను తెరిస్తే పని జరిగిపోతుంది. ఇదంతా ఎక్కడ నడుస్తోందయ్యా అంటే క్లౌడ్‌లో అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు బాబాయి నిజంగానే తలెత్తి ఆకాశం వంక చూశాడని ఆఫీసులో ఒక జోకు. ఆయన చూడలేదు. కానీ జోకు బాగుందని తనే పదిమందికీ చెప్పుకున్నాడు.

అది ఒకే పెద్ద సాఫ్ట్‌వేర్ కాదు. చిన్న చిన్న సర్వీసులు బోలెడు. ఆర్డరు రాసుకునేది ఒకటి, బిల్లు వేసేది ఒకటి, పన్ను కట్టేది ఒకటి, సరుకు బయల్దేరిందని కబురు పంపేది మరొకటి. సఖ్యంగా ఉన్న తోడికోడళ్ళు ఇంటిపని పంచుకున్నట్టు దేని పని దానిది. ఒకదాని పనిలో ఇంకొకటి వేలు పెట్టదు. వీటన్నిటినీ ఒక కాపలా ప్రోగ్రాం అరనిమిషానికోసారి పలకరిస్తూ ఉంటుంది. ఉన్నావా అని అడుగుతుంది. ఉన్నాను అని జవాబు వస్తే బాబాయి ఎదురుగా ఉన్న పెద్ద తెర మీద దాని పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. పలక్కపోతే ఆ చుక్క ఎర్రబడుతుంది. ఎర్రబడినప్పుడు ఎవర్ని లేపాలో వాళ్ళని లేపడం బాబాయి ఉద్యోగం. ఎర్రబడనంతసేపూ చూస్తూ కూర్చోవడం కూడా ఆయన ఉద్యోగమే.

ఆయన ఎప్పుడూ ఇలా కూర్చుని లేడు. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ అంటే సంచీలో మోసుకెళ్ళే వస్తువు. డిస్కుల సంచీ భుజాన వేసుకుని, బస్సులు మారుతూ, దుకాణం దుకాణానికీ తిరిగేవాడు. ఒక్కోచోట ఎక్కించడానికి పూటంతా పట్టేది. ఆ పూటలో టీ వచ్చేది, కబుర్లు వచ్చేవి, కష్టసుఖాలు వచ్చేవి. ఎవరి కూతురు ఏం చదువుతోందో, ఏ అన్నదమ్ములు మాటలు మానేసి ఒకే కొట్లో వీపు వీపు ఆనించుకుని కూర్చుంటున్నారో ఆయనకి తెలిసేది. క్లౌడ్ వచ్చాక ఎవరి కొట్టుకీ ఎవరూ వెళ్ళనక్కర్లేకపోయింది. అక్కడ గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషి ఇక్కడ చుక్కైపోయాడు. అందుకు ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. పని తొందరగా అవుతోంది, తప్పులు తగ్గాయి. బాబాయి ఒంటరివాడైపోయిన సంగతి మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు, ఆయన లెక్కలోకి కూడా.

బొత్తాలు పెట్టుకోవడం పూర్తి కాకుండానే ఫోను మోగింది. ఫిర్యాదులు వినేందుకు కంపెనీకి వేరే మనుషులున్నారు. బాబాయి బల్ల మీది ఫోను నంబరు పాతకాలం కస్టమర్లకి తప్ప ఎవరికీ తెలియదు.

"ఏమయ్యా, మా చుట్టుపక్కల అందరికీ ఒక్కసారిగా కళ్ళు బాగుపడ్డాయా?" అన్నాడు అవతలి మనిషి, నమస్కారం గట్రా ఏమీ లేకుండా.

ఆయన అద్దాలు సానబట్టే కార్ఖానా యజమాని. కళ్ళజోళ్ళ దుకాణాలవాళ్ళు కొలతలు రాసి ఆర్డరు పెడితే, అది కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోంచి వెళ్ళి ఆయన కార్ఖానాలో పడుతుంది. నిన్న పొద్దుటి నుంచి ఒక్కటీ పడలేదట. పనివాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారట. దుకాణాలవాళ్ళేమో మేం పంపాం, మీరేం చేశారని ఈయన ప్రాణం తీస్తున్నారట.

బాబాయి తెర వంక చూశాడు. "ఇక్కడంతా పచ్చగానే ఉందండీ."

"మీకు పచ్చగానే ఉంటుంది. మాకే ఎండిపోయింది." అని, అద్దాలాయన గొంతు తగ్గించాడు. "ఆగాగు. ఈ గొంతు నాకు తెలుసే. సంచీ వేసుకుని వచ్చేవాడివి, నువ్వేనా? ఇంకా అక్కడే ఉన్నావా?"

"ఉన్నానండీ."

"బాగున్నావా?"

"బాగున్నానండీ," అన్నాడు బాబాయి, ఎడమ భుజం కుడి చేత్తో నొక్కుకుంటూ.

టీమ్ లీడరు వచ్చి ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. చురుకైన మనిషి. మాట్లాడుతూ జుట్టు ముడి వేసుకుంటుంది, ముడి విప్పుతూ ఆలోచిస్తుంది. ఇద్దరూ కలిసి ఒక్కొక్క సర్వీసూ తెరిచి చూసుకుంటూ వచ్చారు. చివరికి ఆర్డర్లు పంపే సర్వీసు దగ్గర దొరికింది. ఏదో దుకాణం నుంచి కొలతలు లేని ఆర్డరు ఒకటి వచ్చి గుమ్మంలో అడ్డంగా పడి ఉంది. దాని వెనక మిగతావన్నీ పోగుపడిపోయాయి. అయినా ఆ సర్వీసు పేరు పక్కన చుక్క మాత్రం నిన్నా ఇవాళా పచ్చగా వెలుగుతూనే ఉంది.

"చూశారా బాబాయ్?" అందామె. "ఉన్నావా అంటే ఉన్నాను అంటోంది. అంతే. లోపల పని అవుతోందో లేదో చూసుకోవట్లేదు."

"నిద్రలో ఊఁ కొట్టినట్టు."

"కరెక్ట్. జవాబు ముందే రాసి పెట్టేశారు. లోపల కొంపలంటుకున్నా అదే జవాబు. హడావుడిలో అందరం చేసే పనే ఇది." ఆమె జుట్టు ముడి వేసుకుంది. "ఆఖరి ఆర్డరు బయటికి వెళ్ళిందో లేదో చూసుకుని అప్పుడు పలికేలా మార్చేద్దాం."

మార్చేశారు. మధ్యాహ్నానికి ముందే అడ్డం తొలగింది, ఆర్డర్లు బిలబిలా బయల్దేరాయి. అద్దాలాయన మళ్ళీ ఫోను చేశాడు. "అమ్మయ్య, అందరికీ మళ్ళీ చూపు తగ్గింది. చల్లగా బతకండి. ఏమయ్యా, ఒకసారి ఇటు రారాదూ? నీ కళ్ళజోడు ఎప్పటిదో ఏమో, కొత్తది చేసిస్తా." వస్తానండీ అన్నాడు బాబాయి. ఆయన ఎవరు పిలిచినా వస్తాననే అంటాడు.

లీడరు లేచి రెండడుగులు వేసి ఆగింది. "ఇంకోటి బాబాయ్. మూలనున్న పాత మిషను ఇవాళ సాయంత్రం ఆపేస్తున్నాం. దాని మీదున్నవన్నీ క్లౌడ్‌లోకి మార్చేశాను. ఒక్కటే మిగిలింది. చిన్నది. రోజంతా పడుకుంటుంది. పొద్దున ఏడు ప్రాంతంలో లేచి ఒక మెసేజ్ పంపి మళ్ళీ పడుకుంటుంది. ఎవరిదో తెలీట్లేదు. తీసేద్దామా?"

బాబాయి కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "నాదేనమ్మా."

"మీదా? దేనికి?"

"ఏదో సొంత పని."

"అయితే మార్చేస్తాలెండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది. అక్కడైతే ఇక ఆగిపోవడం ఉండదు. మనం ఉన్నా లేకపోయినా దాని పాటికది నడుస్తూనే ఉంటుంది." ఆ పిల్ల గొప్పగానే చెప్పింది. ఆ వృత్తిలో అంతకు మించిన మెప్పు లేదు.

"సాయంత్రంలోగా చెప్తాను," అన్నాడు బాబాయి. స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించి కిందికి దిగాడు.

ఆఫీసు వెనక ఒక సిమెంటు బెంచీ ఉంది. మధ్యాహ్నం ఆయన డబ్బా అక్కడే తెరుస్తాడు. మెట్లు దిగినందుకే ఆయాసం వచ్చింది. దిగితే కూడా ఆయాసమేమిటని విసుక్కున్నాడు. ఎండ వీపున పడుతుంటే హాయిగా ఉంది గాని, తినబుద్ధి కాలేదు. డబ్బా పక్కన పెట్టి ఫోను తీశాడు.

అక్క ఆయనకంటే ఆరేళ్ళు పెద్ద. రెండు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉంటుంది, బావతో. ఆయన పెళ్ళి సంగతి వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి అడిగేవాళ్ళు కూడా అడగడం మానేశారు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మా ఆయనా ఒక ఇల్లు. అమ్మ పోయాక ఆయనా ఒక గదీ. ఆ ఏడాదే వానల్లో జ్వరం వచ్చి, లేవలేక, ఒక్కడే పడి ఉన్నాడు. ఆఫీసువాళ్ళు సెలవు పెట్టాడనుకున్నారు. గది అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు ఊరెళ్ళాడనుకున్నారు. జ్వరం తగ్గాక మాటల్లో మాటగా ఆ సంగతి చెబితే అక్క ఫోనులోనే భోరుమంది. ఏడుపు అయిపోయాక తిట్టిపోసింది. "చచ్చినా చెప్పవురా నువ్వు! రేపటి నుంచి లేవగానే ఒక్క ముక్క పంపు. లేచాను, బాగున్నాను అని. అంతే. అది కూడా చేతకాకపోతే నీకు అక్క లేదనుకో."

పంపాడు. కొన్ని నెలలు బుద్ధిగా పంపాడు. మరిచిపోయిన రోజున ఆవిడ ఊరుకునేది కాదు. ఇంటివాళ్ళకి చేసేది, ఆఫీసుకి చేసేది, ఒకసారైతే కట్టుకున్న చీరతో బస్సెక్కి వచ్చేసింది. పరువు పోతోందని బాబాయికి చిరాకు వేసింది. చేతిలో విద్య ఉంది కదా. పాత మిషను మీద ఒక బుల్లి ప్రోగ్రాం రాసి పెట్టాడు. రోజూ పొద్దున అది ఆయన నంబరు నుంచి అక్కకి మెసేజ్ పంపుతుంది. అనుమానం రాకుండా ఒక రోజు కాస్త ముందుగా, ఒక రోజు కాస్త ఆలస్యంగా పంపుతుంది. ఒక్కోసారి ముందు అక్కా అని కూడా చేరుస్తుంది. తన తెలివికి తనే మురిసిపోయాడు. అక్క నిశ్చింతగా ఉంది, తనూ నిశ్చింతగా ఉన్నాడు, ఇంకేం కావాలి?

ఆవిడ జవాబులు వస్తూనే ఉండేవి. ఆయన చూడలేదని కాదు. చూసేవాడు. సాయంత్రం తీరిగ్గా రాద్దామనుకునేవాడు. సాయంత్రానికి ఆ మాట అడుగున పడిపోయేది. ఇప్పుడు బెంచీ మీద కూర్చుని, వేలితో తోస్తూ, పాతవన్నీ చదువుకుంటూ వెళ్ళాడు.

మోకాలి నొప్పి తగ్గిందా, అని ఒక రోజు అక్క అడిగింది. మర్నాడు పొద్దున దాని కింద ఉంది: లేచాను. బాగున్నాను.

బావకి కంటి ఆపరేషను బుధవారం, వీలైతే రా. దాని కింద: అక్కా, లేచాను. బాగున్నాను.

ఆపరేషను అయింది, నిన్ను అడిగారు. దాని కింద: లేచాను. బాగున్నాను.

నిన్న అమ్మ కల్లోకి వచ్చింది. వాడు తిన్నాడా అని అడిగింది. తిన్నాడమ్మా అని చెప్పాను. దాని కింద కూడా అదే.

ఆ తర్వాత ఆవిడ ఏమీ అడగడం మానేసింది. సరే అని మాత్రం పెడుతోంది. ఎంత పైకి తోసినా, కింద ఎంత వెతికినా, ఆయనవి రెండు ముక్కలు, ఆవిడది ఒక ముక్క. ఇవాళ పొద్దున కూడా సరే అనే ఉంది. బాబాయికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఎవరైనా పక్కనుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సిగ్గు. అడ్డంగా పడిన ఆర్డరు వెనక మిగతావన్నీ ఎలా పోగుపడ్డాయో పొద్దున చూసినవాడికి, ఇక్కడేం జరిగిందో ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. డబ్బా మూత పెట్టేసి, అన్నం అంటుకోని చేతిని రుమాలుతో తుడుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు.

సాయంత్రం లీడరు సంచీ సర్దుకుంటూ ఉండగా వెళ్ళి నిలబడ్డాడు. "తీసేస్తానమ్మా దాన్ని."

"అదేంటి? మరి దాని పనో?"

"నేనే చేసుకుంటాను."

ఆమె నవ్వింది. "రోజూ లేచి మీరే పంపుతారా? ఈ రోజుల్లో చేత్తో చేస్తానన్న మనిషిని మిమ్మల్నే చూశాను."

ఆయన కూడా నవ్వి, పాత మిషను ముందు నిలబడి, తన ప్రోగ్రాంని తన చేత్తోనే తీసేశాడు. నిజంగా తీసెయ్యమంటావా అని అది ఒకసారి అడిగింది. అవునన్నాడు. తర్వాత లీడరు మిషను ఆపింది. ఏళ్ళ తరబడి ఆ మూల నుంచి వస్తున్న గుయ్యిమనే చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ అక్కడ ఒక చప్పుడుందని ఆ నిశ్శబ్దంలోనే అందరికీ తెలిసింది. చెవుల్లోంచి ఏవేవో తీసి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

బాబాయికి ఒళ్ళంతా చెమట పట్టింది. ఆ చలిలో చెమటేమిటో ఆయన ఆలోచించలేదు. స్వెట్టరు విప్పి, అలవాటు కొద్దీ కుర్చీ వీపుకి తగిలించి, సంచీ అందుకుని గబగబా బయటపడ్డాడు. అక్క వంటలో పడకముందే ఫోను చెయ్యాలి. స్వెట్టరు సంచీలో పెట్టుకోలేదన్న సంగతి గేటు దాటాక గుర్తొచ్చింది. రేపు వస్తాం కదా అనుకుని వెనక్కి తిరగలేదు.

బస్టాపు బల్ల మీద కూర్చుని నంబరు నొక్కాడు. మోగీ మోగగానే అక్క ఎత్తింది.

"ఏమైందిరా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదక్కా. ఊరికే చేశాను."

"ఊరికే చేశావా?" ఆవిడకి నమ్మకం కుదరలేదు. "ఉద్యోగం గాని పోయిందా?"

"లేదక్కా. నీకొకటి చెప్పాలి." ఆయన గొంతు సవరించుకున్నాడు. "రోజూ పొద్దున వచ్చే మెసేజీలు... అవి నేను పంపుతున్నవి కాదు. ఆఫీసులో మిషను పంపుతోంది."

అవతల దూరంగా బావ ఎవరది, ఎవరది అని అరుస్తున్నాడు. ఆయనకి చెవులు వినపడవు గాని ఫోను మోగితే మాత్రం తెలుస్తుంది.

"తెలుసురా," అంది అక్క.

"తెలుసా!"

"అమ్మ పెట్టె సర్దడానికి వచ్చి నీ దగ్గర ఒక రాత్రి ఉన్నాను చూడు, అప్పుడే తెలిసింది. నువ్వు నా ఎదురుగా గురక పెట్టి నిద్రపోతున్నావు. నా ఫోనులోనేమో లేచాను బాగున్నాను అని వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు."

"మరి అడగలేదేం?"

"ఏమని అడగను? పోనీలే, మిషనైనా పలకరిస్తోంది కదా అనుకున్నా."

"అయినా రోజూ సరే అని పెట్టేదానివి."

"ఎప్పుడో ఒకరోజు నువ్వే చూస్తావని పెట్టేదాన్ని."

బస్సు వచ్చి ఆగింది, మనుషుల్ని దింపి వెళ్ళిపోయింది. బాబాయి లేవలేదు. కళ్ళజోడు తీసి, మోకాలి మీద పెట్టుకుని, చొక్కా చేతికి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బస్టాపులో ఏడ్చేవాళ్ళని ఎవరూ పట్టించుకోరు, అందుకు ఆయన సంతోషించాడు.

"ఒరేయ్, ఉన్నావా?" అంది అక్క.

"ఉన్నానక్కా."

"బాగున్నావా?"

బాగున్నానన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎన్నేళ్ళుగానో ముందే రాసిపెట్టి ఉన్న మాట. ఆయన దాన్ని ఆపి లోపల ఒకసారి చూసుకున్నాడు.

"బాగాలేనక్కా," అన్నాడు. "ఎడమ భుజం లాగుతోంది. మెట్లెక్కినా దిగినా ఆయాసం. తినబుద్ధి కావట్లేదు. ఇంటికెళితే పలకరించే దిక్కు లేదు. ఏం బాగాలేను."

చెప్పాక ఎంతో తేలికపడ్డాడు. అక్క తిట్టింది. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పొమ్మంది. ఈవేళప్పుడు ఎవరూ ఉండరు, రేపు పొద్దున్నే వెళ్తానన్నాడు. నేనూ వచ్చేస్తానంది. ముందు నన్ను చూపించుకోనీ, అవసరమైతే రమ్మంటానన్నాడు. ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు. ఆ వాదులాట వాళ్ళిద్దరికీ ఎంత బాగుందంటే, ముగించడానికి ఎవరికీ మనసొప్పలేదు. బావ కంటి సంగతి అడిగాడు. అమ్మ కల సంగతి మళ్ళీ చెప్పించుకున్నాడు. అమ్మ ఏ చీరలో ఉంది అని అడిగితే, కల్లో చీర ఎవరు చూస్తారురా అని ఆవిడ నవ్వింది.

"రేపు లేవగానే మెసేజ్ పెడతాను. నా చేత్తో," అన్నాడు చివరికి.

"పెట్టకపోయావో, బస్సెక్కేస్తాను."

"ఎక్కు," అన్నాడు బాబాయి నవ్వుతూ.

మర్నాడు అక్క చీకటితోనే లేచింది. ఫోను వంటగట్టు మీద, కళ్ళెదురుగా పెట్టుకుంది. ఏం రాస్తాడో అని ఆవిడకి చిన్నపిల్లలా కుతూహలంగా ఉంది. ఈసారి బాగున్నాను అని ఉండదు, భుజం ఎలా ఉందో ఉంటుంది, రాత్రి నిద్ర పట్టిందో లేదో ఉంటుంది. టీ కాచింది. బావకి ఇచ్చింది. ఏడు దాటింది. ఫోను పలకలేదు. బద్ధకస్తుడు, పడుకుని ఉంటాడని తనకి తనే చెప్పుకుంది. టీ చల్లారిపోయింది. తనే ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి చేస్తూ, చేస్తూనే చెప్పులు వేసుకుంది. తమ్ముడి గది తాళంచెవి ఆవిడ గుత్తిలో ఎప్పుడూ ఉంటుంది. కట్టుకున్న చీరతో బస్సెక్కింది.

ఆవిడ తలుపు తీసేసరికి ఆయన మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. ఈసారి గురక లేదు. రాత్రి ఎప్పుడో నిద్రలోనే అయిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఫోను దిండు పక్కనే ఉంది. పొద్దున లేవగానే చేతికి అందేలా పెట్టుకున్నాడు. అక్క మంచం అంచున కూర్చుని, చల్లబడ్డ ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుని, "చెప్పావురా, ఈసారి చెప్పావు" అంటూ ఏడ్చింది. ఆ ప్రోగ్రాం ఉండి ఉంటే ఆ పొద్దున కూడా లేచాను, బాగున్నాను అని వచ్చి ఉండేది. ఆవిడ సరే అని పెట్టి, కూరగాయలు తరుక్కుంటూ ఉండేది.

ఆఫీసులో ఆ పూట అంతా మామూలుగానే గడిచింది. పెద్ద తెర మీద చుక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. మూలనున్న పాత మిషనుని పొద్దున్నే పట్టుకుపోయారు, అదున్నచోట దుమ్ము గీత ఒకటి మిగిలింది. అద్దాలాయన ఫోను చేశాడు, కళ్ళజోడు ఫ్రేము ఏ రకం కావాలో అడుగుదామని. పక్క బల్ల మీది మనిషి ఎత్తి, తల తిప్పి చూసి, "ఇక్కడే ఎక్కడో ఉన్నారండీ, వస్తే చెప్తాను" అన్నాడు. ఒకరు సంతకానికి కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళారు. ఇంకొకరు వచ్చి, బాబాయ్ టీకి వెళ్ళినట్టున్నాడని వెనక్కి తిరిగారు. వాచ్‌మన్ మాత్రం బాబాయ్ ఇంకా రాలేదేమిటని గేటు దగ్గర తనలో తనే అనుకున్నాడు గాని, వాచ్‌మన్‌ని అడిగినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం దాటాక లీడరు ఫోను మోగింది. అటువైపు ఎవరో పెద్దావిడ. నేను మీ బాబాయికి అక్కనమ్మా, అని మొదలుపెట్టింది. లీడరు వింటూ వింటూ వెనక్కి తిరిగి ఆయన బల్ల వంక చూసింది. "కాదండీ, ఇక్కడే ఉన్నారు కదా..." అని సగంలో ఆగిపోయింది. చేతిలోని జుట్టు ముడి జారి విడిపోయింది. హాల్లో ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. చాలాసేపటిదాకా ఎవరూ ఆ బల్ల దగ్గరికి వెళ్ళలేకపోయారు.

కుర్చీ వీపున గోధుమరంగు స్వెట్టరు, మధ్యలో నీలం బొత్తంతో, ఇప్పుడే టీకి వెళ్ళిన మనిషిదిలాగే వేలాడుతూ ఉంది.